మూడో సీసా

కాలవ కట్టేసిన ఏప్రిల్.
ట్యాంకులో నీళ్లు వేడి గంజి.
కండెన్సరు చల్లబడదు,
ఆవిరి ఆవిరిగానే పోతానంటుంది.
అటెండరు పట్టాభి సైకిలేసుకుని పోయి
రొయ్యల ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చాడు
గోనెసంచిలో, దారి పొడుగునా కారుతూ.
అమలాపురంలో మా ల్యాబుకి
ఆ పూట నుంచి రెండు వాసనలు:
పైన తుంగముస్తలు, కింద చేపల రేవు.

తుంగ.
రైతు నోట తిట్టు.
మా గైడు నోట సైపరస్ రొటండస్.
సువార్తమ్మ నోట మటుకు,
"మా యింటిపేరు రాసెయ్యండి దానికి.
నలభయ్యేళ్లు పీకేను, ఇంకా నా కాళ్ల కిందే ఉంది."

మూడు సంచులు.
ఆమె తెచ్చినవి రెండు:
ముక్తేశ్వరం లంకలో అరటితోటది,
ఓడలరేవు దారిలో ఉప్పు పేరిన గట్టుది.
తక్కువ పడితే మూడోది
ఆటో లోవరాజు ఎక్కణ్నించో పట్టుకొచ్చాడు.
నోటుబుక్కులో స్థలం దగ్గర "పరిసరాలు" అని రాశాను.
ఆ ఒక్క మాట బద్ధకం
తర్వాత నెల్లాళ్లు నా నిద్ర తింది.

కడిగి, నీడన ఆరబెట్టి, రోట్లో చితక్కొట్టి
ఫ్లాస్కులో మరగబెడితే
మొదటి గంట ఏమీ లేదు.
వాన లేని వాన వాసన.
రెండో గంటకి సన్న గొట్టంలో
నీటి మీద తేనెరంగు ఉంగరం.
రెండు వందల గ్రాముల గడ్డకి
ఒక్క మిల్లీలీటరైనా నిండదు.
ఇంత మొండిది, ఇంత పిసినారిది,
నాకెందుకో ముద్దొచ్చింది.

డబ్బులకని వచ్చి
సువార్తమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.
చెప్పులు విప్పబోతే వద్దన్నాను, గాజు పెంకులుంటాయని.
సీసాల మూతలు తీసి ముక్కు దగ్గర పెట్టాను,
ఊరికే,
పిల్లకి ఎక్కాలు అడిగినట్టు, సిగ్గు లేకుండా.
"ఇది లంకది. ఒండ్రు తీపి."
"ఇది ఉప్పుది. గుచ్చుద్ది."
మూడోది పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.
"ఇది నా చేతి గడ్డ కాదండీ.
మందు కొట్టిన చేనుది."

మందు.
నాలుగేళ్లుగా నా చదువంతా ఆ మాటే.
థీసిస్ పేరులోనే ఉన్నాయి మందు మొక్కలు.
ఆమె దగ్గరకి అదే మాట
వీపున డబ్బా కట్టుకుని గట్టెంట వస్తుంది,
పదిమంది ఆడకూలీల వారం పని
ఒక్క పూటలో ఊదేసి పోతుంది.
"తుంగ చచ్చిందా? పైన పండింది,
కింద గడ్డ పిల్లలు పెట్టింది.
మా కూలే చచ్చింది."
వెళ్తూ వెళ్తూ లంక నూనె ఒక చుక్క
చెవి వెనక రాసుకుంది.
నోటుబుక్కులో రాశాను:
నష్టం, సున్నా పాయింటు సున్నా అయిదు.

విశాఖ నుంచి రిపోర్టు వచ్చేసరికి
కాలవకి నీళ్లొచ్చాయి.
సైపరీన్, సైపరోటండోన్, సెలినీన్
మూడు కాయితాల్లోనూ అవే కొండలు.
మూడోదాంట్లో ఒకటి ఎక్కువ.
ఇరవయ్యారో నిమిషం దగ్గర
సన్నగా, నిటారుగా,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
పోల్చి చూస్తే గడ్డిమందు డబ్బా మీది పేరే.

"ఆ శాంపిల్ తీసెయ్, పేపరు చెడుతుంది"
అన్నారు గైడుగారు.
తీసేశాను, పట్టికలోంచి.
అనుబంధంలో ఉంచాను,
చిన్న అక్షరాల్లో, ఎవరూ చదవని చోట.
అది ధైర్యమో పిరికితనమో
ఇంకా తేలలేదు.

చివరి పేజీల్లో ఒక గడి ఉంటుంది.
నమూనాని గుర్తించినవారు, వారి హోదా.
బోటనీ మేష్టారి పేరు అచ్చులో ఉంది.
దాని కింద నేలపూడి సువార్తమ్మ అని కొట్టాను.
హోదా దగ్గర వేళ్లు ఆగాయి.
కలుపు కూలీ అని కొడితే
అబద్ధం కాదు, నిజమూ కాదు.
అలాగే వదిలేశాను.
కంప్యూటరు మటుకు
ఆమె పేరు కింద ఎర్రగీత గీసింది,
తప్పేదో ఉంది చూసుకోమని.