రెండో శనివారం రిజిస్టరు

పలాసలో మా కాలేజీ మేడ మీద
రేకుల గుమ్మటం ఒకటుంది.
తెరవాలంటే ఢిల్లేసు భుజం పెట్టి తొయ్యాలి.
కింద గోడ మీద రాసుంటుంది:
రెండో శనివారం, రాత్రి ఏడింటికి, అందరూ రావచ్చు.
ఆ అందరిలో మబ్బు కూడా ఉంటుందని
రాసినవాడికి తెలీదు.

రిజిస్టరు నా దగ్గరే.
తేదీ, వచ్చినవారు, చూసినది, ఆకాశ స్థితి.
జూన్: నలభై మంది. చూసినది: అడ్డగీత.
జూలై: పదకొండు మంది, తొమ్మిది గొడుగులు.
ఆగస్టు: ఢిల్లేసు, నేను, ఒక కప్ప.
సెప్టెంబరులో శని దొరికాడు
సరిగ్గా ఒక్క నిమిషం.
వరుసలో మొదటి పిల్ల కన్ను పెట్టేలోపు
జీడి బట్టీల పొగ వచ్చి పడింది.

"ఏటీ అవుపడ్నేదు మాస్టారూ."

వెనకాల వాళ్ళమ్మ కూర్మమ్మ
పిక్కల సొనకి నల్లబడ్డ వేళ్ళు
కొంగులో దాచుకుంది,
పొగంతా తనొక్కతే పెట్టినట్టు.
నేను తేమ మీదికి మాట మళ్ళించాను.
సముద్రం దగ్గర కదా, గాలి చల్లబడితే
అద్దం మీద చెమట పడుతుందని,
ఇంకా ఏదో, బోర్డు మీద గీసినట్టు చేతులూపుతూ.
"అన్నం కుండ మూతకి పట్టినట్టా?" అంది.
అవును. అంతే.

అక్టోబరు గడి ఖాళీగా ఉంది.

గాలి ఎలా వీచిందో రాయను,
ఇక్కడ అందరూ విన్నారు.
తెల్లారేసరికి
కొబ్బరిచెట్లకు తలల్లేవు,
జీడితోటలు వేళ్ళు పైకి పెట్టి పడున్నాయి.
గుమ్మటం రేకు ఒకటి రైలు పట్టాల అవతల దొరికింది.
గొట్టాన్ని ముందురోజే ఢిల్లేసు
తన లుంగీ చుట్టి ల్యాబులోకి దింపాడు.
దాని టార్పాలిన్, నన్నడక్కుండా,
వరండాలో ఉన్న బాలింతకిచ్చాడు.

మూడో రాత్రి కరెంటు లేదు.
కాశీబుగ్గ నుంచి సముద్రం దాకా
ఒక్క దీపం లేదు.
తరగతి గదుల్లో బెంచీలు కలిపి జనం పడుకున్నారు.
నేను మేడెక్కాను.
ఇరవై రెండేళ్ళు పాఠంగా చెప్పిన పాలపుంత
అప్పుడు కనబడింది నాకు.
అంత బాగున్నందుకు సిగ్గేసింది.
ఢిల్లేసు గొట్టం భుజానేసుకుని వచ్చాడు.
ఎందుకని నేనడగలేదు, అతను చెప్పలేదు.

ట్యాంకులో నీళ్ళున్నాయేమో చూద్దామని
బిందెతో వచ్చింది కూర్మమ్మ.
"ఇయ్యాల వరస నేదేటి బాబూ?"
బిందె దించి, కన్ను పెట్టింది.
శని చుట్టూ వలయం
గాజు మీద గీసినంత తేటగా.
చాలాసేపు అలాగే వంగుంది.
నడుం పట్టుకుని లేచి అంది,
"బట్టీలారిపోనాయి గదా. అందికే."
బిందె ఎత్తుకుని దిగిపోయింది.

ఆ గడిలో ఏం రాయాలో
ఇప్పటికీ తెలీదు.

జనవరిలో,
ఓడలో వచ్చిన ఎక్కడివో పిక్కలతో
రెండు బట్టీలు వెలిగాయి.
ఆ శనివారం ముప్ఫై మంది.
గుమ్మటానికి కొత్త రేకు, ఇంకా రంగెయ్యలేదు.
చూసినది: అడ్డగీత.
ఆకాశ స్థితి: పొగ
అని రాస్తుంటే ఢిల్లేసు
నా భుజం మీంచి తొంగి చూసి,
"ఇంకొంచెం పెద్దచ్చరాల్తో రాయండి" అన్నాడు.