పంచనామాలో లేనివి

ఉదయం ఎనిమిదీ నలభై అని రాశాను.
కాదు, ముప్పై ఎనిమిది అన్నాడు పాల వ్యాను డ్రైవరు.
పలమనేరు దాటి బైరెడ్డిపల్లె పోయే దారిలో
సర్వే నంబరు రెండు వందల పదకొండు బై మూడు,
కుప్పమ్మ టమేటా తోట.
చిన్న హెలికాప్టరు. ఇద్దరు పట్టేది, ఒక్కరే ఉన్నారు.

మంటల్లేవు. ఎవరూ పోలేదు.
అందుకేనేమో జనం కొంచెం నిరాశగానే
గట్ల మీద నిలబడి ఫోన్లు పైకెత్తారు.

దాదాపు నేల దాకా బాగానే దిగిందట.
మూరెడు ఎత్తులో, ఇంకేముంది అనుకునే చోట,
ఎడమ కాలు తీగలో చిక్కింది.
కాపు బరువుకి చెట్టు వంగిపోకుండా
కుప్పమ్మ కట్టెకీ కట్టెకీ లాగి బిగించిన తీగ.
మడుగులో పడుకోబోయే బర్రెలాగా
మెల్లగా, చానా మెల్లగా పక్కకు ఒరిగి,
ఆ తర్వాత రెక్కలు ఒక్కసారిగా నేలను తవ్వాయి.
పన్నెండు సాళ్లు.
తెగిన డ్రిప్పు పైపు నీళ్లు చిమ్ముతోంది.
అద్దమంతా ఎర్రగా కారుతుంటే
రక్తమనుకొని పరుగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.
పండ్ల గుజ్జు.

పైలట్ పేరు రెహానా. ఊరు కడప. ఇరవై రెండేళ్లు.
అనుభవం ఎంతని రాయమంటావమ్మా అంటే
నలభై ఒక్క గంటలు అంది.
కుప్పమ్మ వేళ్ల గణుపుల మీద లెక్కేసింది.
"రెండు దినాలు గూడా నిండలేదే బిడ్డా!
మా కోడెకి కాడి మప్పేదానికే
రెండు నెలలు పట్టె."
ఎవరో నవ్వారు. ఆ పిల్లా నవ్వబోయి
మణికట్టు పట్టుకొని ఆగిపోయింది.

"దీపం ఒకటి వెలిగింది సార్.
వెలిగితే దిగమని నేర్పారు, దిగాను.
పైనుంచి పచ్చగా మెత్తగా కనిపించింది.
తీగ ఉంటుందని ఎవరూ చెప్పలేదు."

ఈ మాట నేను రాయలేదు.
రాయనివి నా దగ్గర ఇంకా ఉన్నాయి.
వీఆర్వోగా చేరిన మూడో వారం
గొలుసు పట్టడంలో రెండు లింకులు తప్పి
చెంగల్రాయులు గట్టుని తమ్ముడి చేలోకి జరిపాను.
చప్పుడు కాలేదు. ఒక్క చెట్టూ విరగలేదు.
విచారణకి ఢిల్లీ నుంచి ఎవరూ రాలేదు.
ఆ అన్నదమ్ములు ఇప్పటికీ
ఒకరెక్కిన బస్సు ఇంకొకరు ఎక్కరు.

నష్టం ఎంతో చెప్పమని తహసీల్దారు ఫోను.
ఆ పొద్దు మార్కెట్లో పెట్టె నలభై.
ముందు రోజే కుప్పమ్మ ఆరు పెట్టెలు
మండీ గేటు ముందర కుమ్మరించి
ఖాళీ పెట్టెలతో ఆటో ఎక్కి వచ్చింది.
"ఎంతని రాసేది అక్కా?"
విరిగిన రెక్క వైపు చూస్తా చూస్తా అంది:
"కోత కూలి మిగిలిందని రాసుకో."

ఇక సంతకాలు.
ఇంకు ప్యాడు చాపేలోగానే
కుప్పమ్మ బొటనవేలు కాగితం మీద నొక్కేసింది.
టమేటా చెట్ల పసరు,
ఏ సబ్బుకీ లొంగని నలుపు తిరిగిన పచ్చ.
రెహానాది కుడిచెయ్యే విరిగింది.
ఎడమ బొటనవేలు చాపింది.
పాకుతూ బయటికి వచ్చేటప్పుడు
ఏ మొదలు పట్టుకుందో, దానికీ అదే రంగు.
చదువుకున్న పిల్లకి వేలిముద్రేందని
కానిస్టేబులు గొణిగాడు.
కాగితం అతని వైపు తిప్పితే
ఏది ఎవరిదో నన్నే అడిగాడు.

నూట ఎనిమిది బండి గట్టు దాకా వచ్చింది.
తలుపు వేసేటప్పుడు కుప్పమ్మ అద్దం తట్టి
"మళ్లా ఎక్కుతావా?" అని కేక వేసింది.
లోపల ఆ పిల్ల ఏదో చెప్పింది.
పెదాలు కదలడం కనిపించింది గానీ
నీళ్ల మోతలో మాట వినపడలేదు.

ఎవరో ఒకరు పోయి
ఆ మోటారు ఆపండ్రా.