వాషౌట్

కుండ అంచున తెల్లగ ఏదో పట్టింది.
సున్నమనుకున్న.
గోటితో గీకితే పెచ్చు ఊడి వచ్చింది.
ఆకు కొసలు అగ్గిపుల్ల తాకించినట్టు మాడినయి,
వేర్ల మొనలు
రాత్రి ఆర్పేసిన వత్తులు.

బొర్ణాలి బదిలీ మీద గువాహటి పోతూ
నా చేతుల పెట్టిపోయిన ఆర్కిడ్ ఇది.
మట్టి లేదు దీనికి.
బొగ్గుముక్కలు, కొబ్బరి డొక్కలు, పగిలిన పెంకులు.
"గాలి తిని బతుకుతది దీదీ" అన్నది వచ్చీరాని తెలుగుల.
నేను నమ్మలే.
గాలి తిని ఎవరు బతుకుతరు?
వారం వారం చెంచాడు నీలం పొడి,
పండుగొస్తే ఇంకో అరచెంచా.
పైన మా ఫాతిమానగర్ బోరునీళ్ళు,
చాయ్ గిన్నెకు కూడ చర్మం కట్టే నీళ్ళు.
పువ్వు పుయ్యలే.
ఆకలేమో అని మళ్ళ చెంచా ముంచిన.

బాపు కుర్చీలకెల్లి లేచి వచ్చిండు.
ఆ పెచ్చును వేళ్ళ నడుమ నలిపి,
"ఛీ, ఎరువది బాపూ!" అంటనే ఉన్న,
నాలుక మీద పెట్టుకుండు.
ఉమ్మి, అన్నడు:
"స్కేలు బిడ్డా ఇది.
ఇంజన్ల కడుపుల ఇదే ఉండేది."

కాజీపేట లోకోషెడ్డుల ఆయన బాయిలర్లు కడిగిన ఖలాసీ.
ఇత్తడి బిరడాలు విప్పి, పొడుగు చువ్వతో లోపల గెలికి,
మోకాళ్ళ దాక తెల్లబురదల నిలబడ్డ మనిషి.
బొగ్గింజన్లు పోయి ముప్పై ఏళ్ళు దాటింది,
ఆయన మాటల్ల మాత్రం ఇంకా ఆవిరి మీదనే ఉంటయి.
"నీళ్ళు ఆవిరైపోతయి. నీళ్ళల్ల ఉన్నది పోదు.
పొర మీద పొర.
ఇంజను తాగుతనే ఉంటది, దమ్ము రాదు.
డ్రైవరేమో బొగ్గు చాలలేదనుకుంటడు,
ఇంకో పార ఎయ్యమంటడు."
నా చేతిల చెంచా దిక్కు చూడలే ఆయన.
చూసినా బాగుండు.

తెల్లారి ఆరింటికి, ఎండ పొడవక ముందే,
వాననీళ్ళు పట్టిపెట్టిన డ్రమ్ము పక్కన
రెండిటుకల మీద కుండ పెట్టించిండు, కింద తొట్టి.
మొదటి చెంబు తడుపుటానికే.
"ఆగు. నాననియ్యి.
ఎండిన ఉప్పు బెదిరిస్తే రాదు."
పావుగంట.
ఓ గూడ్సు బండి పోయింది, డబ్బాలు లెక్కపెట్టుకుంట కూసున్నడు.
వెండి తీగలలెక్క ఉన్న వేర్లు
మెల్లమెల్లగ పచ్చబడ్డయి.

అప్పుడు పొయ్యమన్నడు.
రెండు, మూడు, నాలుగు.
కుండ అడుగు చిల్లులకెల్లి
పలుచని చాయ్ రంగుల కారుతున్నయి నీళ్ళు.
గాజుగ్లాసుల పట్టి వెలుతురుకు ఎత్తిండు.
"ఇంకా ఉన్నది."
నేను లెక్క తప్పిన. ఆయన తప్పలే.
"పదకొండు. పొయ్యి."
పద్నాలుగో చెంబుకు
గ్లాసు అవతల ఆయన బొటనవేలి గీతలు
ఒక్కొక్కటి కనబడ్డయి.
"ఇగ చాలు."

తొట్టిల నీళ్ళు మోరీల పారబొయ్యనియ్యలే.
"జామచెట్టుకు పొయ్యి. దాని ఆకలి వేరే."

మధ్యాహ్నం పప్పుల ఉప్పు లేదని గిన్నె జరిపిండు.
బీపీ గోలీలు మొదలైన కాడికెల్లి
రోజూ ఇదే కొట్లాట.
పొద్దుటి సంగతి గుర్తుచేస్తే
"నేనేం కుండనా?" అన్నడు.

పొద్దుగూకినంక చూస్తే
కుండ పొట్ట మీద సుద్దముక్క రాత.
ఇంజన్ల పక్కలకు అట్లనే రాసేటోళ్ళట:
వాషౌట్, ఇయ్యాల్టి తారీఖు,
మళ్ళ చెయ్యాల్సిన తారీఖు,
కింద, వంకరగ, ఇన్నయ్య.

చెంచా ఎక్కడ దాచిండో మాత్రం
రెండు వారాలైనా
దొరకలే.