సున్నం ఆపిన నెల

నోటీసు మీద పేరు నాదే, కొప్పాడి సత్యవేదమ్మ.
ఇల్లు మాత్రం ఎవరిదో.
ఆరు వందల నలభై చదరపు అడుగులు,
ఆర్సీసీ కప్పు,
సిమెంటు రోడ్డు ముఖం,
వరండాలో వ్యాపారం.
చదువుతుంటే ఎవరో కలిగినవాళ్ళ ఇల్లనిపించి
ఒకసారి వెళ్ళి చూసి రావాలనిపించింది.

జెరాక్సు కొట్టు మోజేషు
అర్జీ రాసిపెట్టి, ముప్పై పుచ్చుకుని
చెవిలో ఒక మాట వేశాడు:
"తనిఖీకొస్తారు పిన్నీ. అందాకా సున్నం వెయ్యకు.
గోడ తెల్లగా కనపడితే పైసా తగ్గించరు."
డిసెంబరు వచ్చేసింది.
ఎదురింటివాళ్ళు వెదురుకర్రకి స్టారు కట్టేశారు.
మా గోడలు పాచి కట్టుకుని అలాగే నిలబడ్డాయి.

నరసాపురం మునిసిపాలిటీ మెట్లు మూడుసార్లు ఎక్కాను.
మొదటిసారి సర్వరు లేదన్నారు.
రెండోసారి సర్వరుంది, సారు లేరు.
మూడోసారి ఇద్దరూ ఉన్నారు గానీ
ఆధార్‌లో సత్యవేదం, నోటీసులో సత్యవేదమ్మ,
ఆ 'అమ్మ' ఎక్కణ్ణించి వచ్చిందని అడిగారు.
ముగ్గుర్ని కన్నాక వచ్చిందండి, అందామనుకున్నాను.
అఫిడవిట్టు ఇచ్చాను.

పన్నెండో తారీకున సచివాలయం కుర్రాడొచ్చాడు.
టేపు ఒక కొస నా చేతికిచ్చి
"గట్టిగా పట్టుకోండి మామ్మగారూ" అన్నాడు.
ఏడేళ్ళప్పట్నించి లేసు అల్లిన చెయ్యి బాబూ ఇది,
గొలుసులో ఒక కన్ను తప్పితే చీకట్లోనూ చెప్తుంది.
నిరుడు కొలిచినవాళ్ళు మా గోడ దగ్గర ఆగలేదు,
పక్కింటి గోడ దాకా పోయారు.
మధ్య సందు కూడా నా గదేనట.
అందులో కాపురముంటున్నది
రెండు కోళ్ళు, ఒక చక్రంలేని సైకిలు.

ఇక రోడ్డు సంగతి.
ఇల్లు కట్టినప్పుడు నాలుగు మెట్లెక్కి లోపలికెళ్ళేవాళ్ళం.
రోడ్డేశారు, ఒక మెట్టు పోయింది.
దానిమీదే ఇంకోటేశారు. మళ్ళీ ఇంకోటి.
ఇప్పుడు ఇంట్లోకి ఒక మెట్టు దిగుతాం.
వానొస్తే మురుక్కాలవ మాకంటే ముందే దిగుతుంది.
ఆ రోడ్డుని చూసే ఇంటి విలువ పెంచారట.

వ్యాపారమంటావా,
డజను బిళ్ళలల్లితే ఏజెంటు నలభై ఇస్తాడు.
లోపల కళ్ళు ఆనక వరండాలో కూచుంటాను.
వెలుతురుక్కూడా పన్నుందా?

అక్కడితో ఆగాల్సింది.
ఆగలేదు.
పడమటి గోడ చూడు, వేలు పెడితే ఉప్పుతో సహా రాలుతుంది.
స్లాబులో ఊచలు బయటపడ్డాయి చూడు.
పునాది కుంగింది. తలుపు మూసుకోదు.
ఎనభై ఆరు వరద ఇదిగో, ఈ గీత దాకా.
మా ఆయన మేకుతో గీశాడు,
ఎన్ని సున్నాలేసినా పూడ్చనివ్వలేదు.
ఉత్తినే ఇస్తానన్నా ఎవరూ తీసుకోరు బాబూ దీన్ని.

కుర్రాడు రాసుకుంటూనే ఉన్నాడు.
నా గొంతు నాకే వినపడింది అప్పుడు,
సంతలో గేదె పళ్ళు విప్పి చూసి
బేరం దించేవాడి గొంతు.
ఏ ఇటిక్కి ఎన్ని బిళ్ళలల్లానో
లెక్క తెలిసినదాన్ని,
దాని ఎదటే నిలబడి అన్నాను.

వాడు బండెక్కి పోయాక
చాలాసేపు ఆ ఒక్క మెట్టు దిగలేకపోయాను.

ఇరవై రెండున కాగితం వచ్చింది.
ఐదు వందల ఇరవై అడుగులు.
వ్యాపారం కొట్టేశారు.
రోడ్డు మాత్రం రోడ్డేనట.
నాలుగు వందల పది రూపాయలు తగ్గింది.
మూడు రోజుల ఆటోలు, అఫిడవిట్టు, మోజేషు ముప్పై
అందులోంచి తీసి చూడలేదు.

ఆ సాయంత్రమే సున్నం తెచ్చి తొట్టిలో పోశాను.
నీళ్ళు తగిలీ తగలగానే
కుతకుతా ఉడికింది, ఎగిరి చేతిమీద పడింది,
పది రోజులుగా ఆపుకున్నదంతా
ఒక్కసారే అనేసినట్టు.
అననీ.

పొద్దున్నే పడమటి గోడతో మొదలుపెడతాను.
గీత దగ్గర కుంచె ఎత్తుతాను.