లాభం

ఏనుమాముల యార్డుల
మొదటి బస్తాను ఎవ్వరూ ఒకటి అనరు.
లాభం అంటరు.
లాభం, రెండు, మూడు...
ముప్పై ఏండ్లు అట్ల లెక్కబెట్టిన కొమ్మాలు
మార్చిల ఒక పగటీలి
పసుపు బస్తా దించుకుంట దించుకుంట
దానితోపాటే దిగిపోయిండు.

ఎండదెబ్బ అనుకున్నరు. నీళ్లు చల్లిన్రు,
ఉల్లిగడ్డ ముక్కు కాడ పెట్టిన్రు.
ఎంజీఎం మెట్లెక్కేసరికి ఆరు గంటలు.
నెత్తురుగడ్డ కరిగించే సూదికి
నాలుగున్నర గంటలే గడువు.
కుడిచెయ్యి పోయింది, కుడికాలు సగం పోయింది,
మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది.
దూప అయినా, ఈగ వాలినా,
మనుమరాలు బడి నుంచి వచ్చినా
లాభం.

నేను ఆ పసుపుతోటే పని చేస్త.
యూనివర్సిటీ ల్యాబుల,
ఎలుక మెడల నైలాన్ దారం దూర్చి
మెదడుకు పోయే నెత్తురుబాట గంటన్నర మూసి, తెరిచి,
పసుపు నుంచి పిండిన ఆ ఒక్క రంగును
బొట్లు బొట్లుగ ఎక్కిస్త.
తెల్లారి మెదడును పలుచగ కోసి రంగునీళ్లల్ల ఏస్తే
బతికినంత మేర ఎర్రబడ్తది.
చచ్చినంత మేర సున్నం లెక్క తెల్లగ ఉండిపోతది.
సున్నంల పసుపు కలిస్తే ఎర్రగైతదని
పారాణి పెట్టుకున్న ప్రతి పెండ్లిపిల్లకూ తెలుసు.
అంత అల్కగ కాదని తెలుసుకునేందుకు
నాకు ఎనిమిదేండ్లు పట్టింది.
పసుపు ఎక్కిన ఎలుకల్ల తెలుపు చిన్నగుంటది.
కొన్నిసార్లు.

ఓదెమ్మ మా లేబర్ కాలనీలనే ఉంటది.
పొద్దున బస్సుకు పోతుంటే ఆపింది.
"ఎలుకలకు పెడ్తున్నవట గదా బిడ్డా,
మా ఆయినకు జర పెట్టరాదు?"

ఎట్ల చెప్పాలె.
మెదడుకు ఒక గడప ఉన్నది.
ఊర్ల ఉన్న గడపలన్నిటికీ మనం పసుపు రాస్తం,
ఆ ఒక్క గడప పసుపును రానియ్యది.
మింగినదాంట్ల చానామటుకు పేగుల్నే ఆగుతది,
మిగిలింది కాలేయం తుంచేస్తది,
అక్కడిదాక చేరిన నలుసు
బయట నిలబడి నిలబడి వాపసు పోతది.
కొవ్వుల చుట్టి పంపినం, మిరియంతోటి జతగట్టి పంపినం,
ముక్కుల నుంచి దొంగతొవ్వ పట్టిచ్చినం.
ఎలుక పావుకిలో ఉంటది.
దాని బాట ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు మూసిన్నో
నా నోటుబుక్కుల ఉంటది.
కొమ్మాలు బాట ఎప్పుడు మూసుకపోయిందో
పక్కన బస్తా మోస్తున్నోనికి గూడ తెల్వది.

ఇవేవీ అనలేదు.
"ఇంకా తేలలేదమ్మా" అన్న.
బీపీ గోలీలు బంద్ చెయ్యకు, చెయ్యి ఆడించుడు బంద్ చెయ్యకు.
"రోజూ రాత్రి పాలల్ల కలుపుతున్న. తప్పా?"
తప్పు కాదన్న.
ఒప్పని నోరు తిరగలేదు.

అరుగు మీద ఆయన ముందట రెండు చాటలున్నయి.
ఒకదాంట్ల గుప్పెడు పసుపు కొమ్ములు.
పనిజెయ్యని చేతితోటి ఇందుల నుంచి అందులకు మార్చాలె,
ఫిజియో సారు చెప్పిండట.
ఏళ్లు వణికి, జారి, మళ్ల పట్టి
ఒక కొమ్ము ఇవతలి నుంచి అవతలికి పడ్డది.

లాభం, అన్నడు.

రెండోదాని మీదికి చెయ్యి పోయింది.
నేను ఆ తర్వాతి అంకె కోసం నిలబడ్డ.
బస్సు హారన్ కొట్టి, చూసి,
పోయింది.