మూడుసార్లు కడిగిన చేతులు

మార్చి నెలలో మా వీధికి ఎవరొచ్చినా
ముందు తుమ్ము వస్తుంది, తర్వాత మనిషి.
గుంటూరు యార్డు గాలి అలాంటిది.
జాన్ సైదా మాత్రం తుమ్మడు.
పదకొండేళ్లుగా టిక్కీలు మోస్తున్నాడు,
ఘాటు అతని ముక్కుకి చుట్టం.

రాత్రి తొమ్మిదిన్నరకి కాశింబీని ఆటోలోంచి దించి
గుమ్మం బయటే ఆగిపోయాడు.
"డాక్టరమ్మ ఎప్పుడొస్తారండీ?"
రారు, అన్నాను. ఇక్కడ నేను, హెబ్సిబా, నువ్వు.
అవసరం పడితే మనమే వెళ్తాం.
పెద్దాసుపత్రి పన్నెండు నిమిషాలు,
ఆటోవాణ్ణి అందుకే అరుగు మీద పడుకోమన్నాను.
'నువ్వు' అన్న చోట అతను వెనక్కి తిరిగి చూశాడు,
ఇంకెవరినో అన్నాననుకుని.

మొదటి కాన్పప్పుడు కొత్తపేటలో ఏదో గేటు బయట నిలబడి
నాలుగు కాయితాల మీద వేలిముద్రలు వేశాడట.
లోపల ఏం జరిగిందో
ఇప్పటిదాకా అడగలేదట.
ఆమె చెప్పలేదట.

కాశింబీ నడుస్తూనే ఉంది.
కిటికీ ఊచ దాకా, మళ్లీ గోడ దాకా.
సగ్గుబియ్యం జావ సగం తాగింది.
నొప్పికీ నొప్పికీ మధ్య
తొడాలు తీసే కూలి ఎంత పెంచారో చెప్పింది,
ఐదు రూపాయలు. నవ్వింది.
నవ్వు పూర్తి కాకముందే ఊచ పట్టుకుని వంగిపోయింది.
"నడుమమ్మా. నడుం విరిగిపోతోంది."

నాకు యాభై మూడు. బొటనవేళ్లు ఎప్పుడో అరిగాయి.
నలభై ఐదు కిలోల బరువుకి అలవాటు పడ్డ చేతులు
గుమ్మం బయట ఊరికే ఉన్నాయి.
లోపలికి రా, అన్నాను.

అతను అరచేతులు తిప్పి చూపించాడు.
గీతగీతలోనూ ఎరుపు.
"వీటితోనా?
పెద్దదాన్ని పుట్టిన రోజున ఎత్తుకుంటే
ఒళ్లంతా మండి గుక్కపట్టి ఏడ్చింది.
నాలుగో నెల దాకా మళ్లీ ముట్టుకోలేదండీ."

నీళ్లకి కారం పోదు.
ముందు ఆముదం, మోచేతి దాకా,
గోళ్ల కింద అగ్గిపుల్ల పెట్టి.
తర్వాత సబ్బు.
తర్వాత పెరుగు, హెబ్సిబా పొద్దున అన్నంలోకి దాచుకున్న గిన్నె.
మళ్లీ సబ్బు. మళ్లీ మొదటి నుంచి.
మూడోసారి అయ్యాక
అతని చూపుడు వేలు నా కనురెప్పకి ఆనించుకున్నాను.
"మండితే?"
మండితే నాలుగోసారి.
మండలేదు.

టిక్కీ ఎత్తేటప్పుడు నీకు బరువు ఎక్కడ దిగుతుందో
ఆమెకీ అక్కడే, అన్నాను.
నొక్కాడు.
"కిందికి," అంది. "ఇంకా. అదిగో, అక్కడ. తియ్యకు."
రెండు గంటలు తియ్యలేదు.
అతని చెమట ఆమె జాకెట్టు మీద పడుతుంటే
ఎవరూ తుడవలేదు.

నేనేం చేశానంటారా?
డాప్లర్ ఆనించి లెక్కపెట్టాను. నూట నలభై. నూట ముప్పై ఆరు.
మళ్లీ నూట నలభై.
మధ్యలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
అలా కూర్చోవడం నాకు
కుట్లు వెయ్యడం కన్నా ఆలస్యంగా వచ్చింది.
ఒకసారి మాత్రం నూట ఎనిమిదికి దిగింది.
ఆటోవాణ్ణి లేపమన్నాను. కాశింబీని పక్కకి తిప్పాను.
నూట ఇరవై. నూట ముప్పై ఎనిమిది.
ఆటోవాడు మళ్లీ పడుకోలేదు, బీడీ వెలిగించాడు.

నాలుగూ పదికి
ఆమె మోకాళ్ల మీద ఉంది, అతని భుజం పళ్ల కింద ఉంది.
టిక్కీ కాయ కాసిన భుజం, కొరికినా తెలియలేదేమో.
పాప జారి నా చేతుల్లోకి వచ్చింది.
ముందు తుమ్మింది.
తర్వాత ఏడ్చింది.

బొడ్డు ఇంకా కొట్టుకుంటోంది, కొయ్యలేదు.
తల్లి గుండె మీదే గంట సేపు వదిలేశాం.
రిజిస్టరులో రాశాను: ఆడపిల్ల, రెండు కిలోల తొమ్మిది వందలు.
నడుం పట్టినవాళ్ల పేరుకి అందులో గడి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను.

ఇదిగో, ఎత్తుకో, అని తిరిగేసరికి
జాన్ సైదా లేడు.
పెరట్లో కుళాయి చప్పుడు.
కాసేపటికి తడి చేతులు గాల్లో పట్టుకుని గుమ్మంలో కనపడ్డాడు,
"ఇంకొక్కసారి పెరుగుతో..."
అయిపోయింది! అని వంటింట్లోంచి అరిచింది హెబ్సిబా.