అరసున్నలు

ఎలహంకలో పదహారో నంబరు ఇంటి ముందర
ఆవు కూడా ముట్టని గడ్డిని పెంచే పని నాది.
చెప్పులు గోడ పక్కన విడిచి దిగమంటుంది రోహిణి మేడం,
పచ్చిక నలుగుతుందని.

ఆషాఢంలో ఒక మచ్చ కనపడింది
చపాతీ అంత, మాడిన రంగులో.
కుక్క ఉచ్చ అన్నాడు సారు.
నీళ్ళు చాల్లేదన్నది మేడం,
రెండు పూటలా పైపు పట్టమన్నది.
నాలుగు నాళ్ళకు చేటంత,
ఇంకో వారానికి మంచం పరిచినంత.
తెల్లారకముందే గోరింకలు దిగి
అక్కడే, సరిగ్గా అక్కడే
ముక్కులతో పొడుస్తా ఉన్నాయి.

వంగి, గడ్డిని గుప్పెడు పట్టి లాగితి.
వేరు లేదు.
పాత కంబళి లేచినట్టు లేచొచ్చింది పచ్చిక.
కింద మట్టిలో
తెల్లగా, లావుగా, తల మాత్రం ఇటుక రంగులో
ఒళ్ళు ముడుచుకుని పండుకోనున్నాయి.

నాలుగో తరగతిలో మా అయ్యవారు
పాత పుస్తకంలో అరసున్న చూపించినాడు.
"ఇది పలకదు, ఇప్పుడెవరూ రాయరు" అన్నాడు.
పలకనిది లేనట్టు కాదని
తర్వాత మాకు చేను చెప్పింది.

మడకశిర పక్క రెండెకరాలు.
ఊడలు దిగే వేళకు వేరుశనగ
సాలుకు సాలు వాడిపోతే
ఎండ అనుకున్నాము,
ఎవరిదో దిష్టి అనుకున్నాము.
పీకితే చెట్టే చేతికొచ్చింది, కాయ రాలేదు.
మా ఆయన హనుమంతరాయుడు
ఒక పురుగును అగ్గిపెట్టెలో పెట్టుకుని
బ్యాంకుకు పోయినాడు, మేనేజరుకు చూపిద్దామని.
పదకొండు నుంచి నాలుగు దాకా బెంచీ మీద కూచుని
అగ్గిపెట్టెతోనే తిరిగొచ్చినాడు.
మేనేజరు చూడలేదు.

ఇక్కడ మేడం బాల్కనీ నుంచి చూసి
"ఛీ, అదేంది?" అన్నది.
"గొణ్ణె హుళ" అంటి. ఆ పేరు
వాళ్ళ అవ్వ నోట విన్నదంట చిన్నప్పుడు.
మందు మాత్రం వద్దన్నది.
పిల్లోడు పొర్లాడతాడు, కుక్క నాకుతుంది.
మరి ఎట్లా అంటే
చేతుల్తో, అంటి.

పచ్చికను చేటంత చేటంత ముక్కలుగా తిరగేసి
ఒక్కొక్కటీ ఏరి
సబ్బు నీళ్ళ బకెట్లో వేస్తా ఉంటే
పిల్లోడు చిరాగు బడి బట్టల్తోనే వచ్చి కూచున్నాడు.
వాడు ఇంగ్లీషులో, నేను తెలుగులో లెక్కబెట్టి
తొంభై దగ్గర ఇద్దరమూ తప్పితిమి.
మళ్ళీ ఒకటి నుంచి.

ఆదివారం చుట్టాలొస్తారు, మూసెయ్యి అన్నది మేడం.
మూడు నాళ్ళు ఇట్లే తెరిచిపెట్టమంటి,
నా కంటికి ఆనని వాటిని గోరింకలు ఏరుకుంటాయి.
ఆమె చుట్టాలకు ఏం చెప్పుకున్నదో తెలీదు,
మూడు నాళ్ళూ ఇంటి ముందర
ఎద్దు తొక్కిన చేను మాదిరి ఉండింది.
నాలుగో నాడు రెండు మూటల వేపపిండి చల్లి
పచ్చికను మళ్ళీ పరిచి, అరికాలితో అదిమి
నీళ్ళు పట్టితి.
వాసనకు సారు కిటికీలు మూసుకున్నాడు.

"మళ్ళీ రావు కదా?"
మేడం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పితి.
ఎండాకాలం పోయి మొదటి వాన పడిన సాయంత్రం
మట్టిలో నుంచి పెంకు పురుగులు లేస్తాయి.
సందు చివర వేపచెట్టు మీద వాలతాయి,
తిరిగి వచ్చి ఈ నేలలోనే గుడ్లు పెడతాయి.
ఆ పొద్దు బల్బు కింద బేసిన్లో కిరసనాయిలు నీళ్ళు పెట్టాల.
"వాన పడకుంటే?"
పడకుంటే లేవవు మేడం.
ఆమె మొగులు దిక్కు చూసింది.
నేను చూడలేదు.
వాన వద్దని మొక్కే నోరు
మా ఊర్లో ఎవరికీ లేదు.

పోయే ముందర పిల్లోడు కొంగు పట్టుకున్నాడు,
ఒక్కటి కావాలంట.
సంచిలోని అగ్గిపెట్టె తీసి
పుల్లలు కొంగున కట్టుకుని
కొంచెం మట్టి వేసి, ఒకదాన్ని పండబెట్టి ఇస్తి.
మెట్ల మీద కూచుని తెరిచినాడు.
ముఖం దగ్గరికి తెచ్చుకుని
చూసినాడు.
నేను చెప్పులేసుకుని గేటు మూసేదాకా
చూస్తానే ఉన్నాడు.